నాగోయాలో సూప్ లేని రామెన్: తిన్నాక పని పెట్టుకోకండి

టోక్యో నుంచి నాగోయాకి నొజోమి రైల్లో గంటా నలభై నిమిషాలు. వెళ్లింది ఆఫీసు పని మీదే అయినా, మనసంతా తైవాన్ మజెసోబా అనే సూప్ లేని కలుపుడు నూడుల్స్ మీదే ఉంది. పేరులో తైవాన్ ఉంది కానీ పుట్టింది నాగోయాలోనే. 2008లో మెన్యా హనాబి అనే షాపులో తైవాన్ రామెన్ (కారం కీమా వేసిన సూప్ నూడుల్స్) చేయబోతే, కారం పంది కీమా వాళ్ల సూప్‌కి నప్పలేదట. సూప్ తీసేసి నూడుల్స్ మీదే వేసి కలిపారు.

ఆ షాపు హిగషియామా సబ్‌వే లైన్ చివర తకబాతా వైపు. అంత దూరం వెళ్లే టైం లేక, నేను దిగిన హోటల్ దగ్గర్లోనే ఇంకో షాపులో దూరాను. తలుపు పక్కనే ఆర్డర్ ఇచ్చే టికెట్ మెషీన్, అంతా జపనీస్‌లోనే, క్యాష్ మాత్రమే. నా వెయ్యి యెన్ల నోటుని మూడుసార్లు ఉమ్మేసింది. 2024 జూలైలో వచ్చిన కొత్త నోట్లు ఆ పాత మెషీన్‌కి పట్టవని నాకేం తెలుసు? వెనకాల లైనులో నలుగురు, నాకు టెన్షన్. వంటాయన చేయి తుడుచుకుని వచ్చి, మాట్లాడకుండా పాత నోటు ఇచ్చి మార్చాడు. మెషీన్‌కి సున్నా, మనిషికి నూరు మార్కులు.

కౌంటర్ ముందు కూర్చుంటే పని అంతా కనిపిస్తుంది. ఉడికిన లావు నూడుల్స్‌ని ఒక కర్రతో గట్టిగా తిప్పాడు. పైపొర గీసుకుపోయి జిగురొస్తే సాస్ పట్టుకుంటుందన్నమాట. పైన కీమా, పచ్చి వెల్లుల్లి తురుము, నిరా అనే వెల్లుల్లి వాసన ఆకు, ఉల్లికాడలు, చేప పొడి, నోరి అనే ఎండు సముద్రపు నాచు, నడిమధ్యలో పచ్చి గుడ్డు సొన. అడుగు నుంచి పైకి బాగా కలపాలి. కలిపే విద్య మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

మొదటి పది ముద్దలు అద్భుతం. కారం మనకి లెక్కలోది కాదు గానీ కొవ్వు మాత్రం లెక్కే. సగానికి వచ్చేసరికి నోరు మొద్దుబారింది. అప్పుడు పక్కనున్న కొంబు (ఇదీ సముద్రపు నాచే) వెనిగర్ రెండు చుట్లు పోస్తే మళ్లీ దారిలో పడింది. చివర్లో "ఓయిమేషి" అంటే గరిటెడు అన్నం ఊరికే వేస్తారు. ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం కలుపుకున్నట్టే, గిన్నె అడుగున అంటుకున్న కీమా, నూనె అంతా అన్నంతో ఊడ్చుకోవాలి. నూడుల్స్ కంటే నాకు అదే నచ్చింది.

టోక్యోలో తినే అబురా సోబా, అదీ సూప్ లేని నూడుల్సే, దీనికి పెద్దన్న లాంటిది. 1950లలో టోక్యో పడమటి వైపున్న ముసాషినో, కునితాచి ఊళ్లలో మొదలైందంటారు. అడుగున సోయా సాస్, నూనె. వెనిగర్, మిరప నూనె మన ఇష్టం. రుచిలో నాగోయాదే పైచేయి, కానీ వారానికోసారి తినమంటే అబురా సోబాకే వెళ్తాను. శాకాహారులు మాత్రం రెండింటికీ దూరం. సాస్‌లోనే మాంసం రసం, చేప ఉంటాయి.

హోటల్ గది శుభ్రమే, స్టేషన్‌కి దగ్గరే. కిటికీ తెరుచుకోదు. వెల్లుల్లి వాసనతో రాత్రంతా ఆ డబ్బాలో నేనూ, నా కడుపూ. పొద్దున్నే మీటింగ్‌లో మాస్క్ తీయలేదు.

తిరుగు ప్రయాణంలో షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ప్లాట్‌ఫాం మీద నిలబడి కిషిమెన్ అనే వెడల్పు నూడుల్స్ తిన్నాను. అందులో సూప్ ఉంది. ముందు అదే తాగేశాను.