మాజీ శాసనసభ్యుల కార్డుల పెట్టె: రెండు వారాలు వాడిన తరువాత

పోటీ పరీక్షలకు చదువుతున్న మా మేనల్లుడి కోసం గత నెలలో కోఠిలోని ఒక పుస్తకాల దుకాణంలో ఈ కార్డుల పెట్టె కొన్నాను. ఒకప్పుడు రాష్ట్ర శాసనసభలో సభ్యులుగా ఉండి, ఆ తరువాత పేరు తెచ్చుకున్నవారి వివరాలు ఇందులో ఉన్నాయి. కార్డుకు ఒక వైపు నియోజకవర్గం, ఎన్నికైన సంవత్సరాలు, రెండో వైపు తరువాతి జీవితం ముద్రించారు. ముందు వైపు చూపించి వెనుక ఏముందో అడగడమే ఆట. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక, పైగా అది చిన్న సంస్థ కనుక, ప్రచురణకర్త పేరు రాయడం లేదు.

అట్ట మందంగా, అక్షరాలు కంటికి ఆనేలా ఉన్నాయి. అంతకన్నా మెచ్చుకోదగినది ప్రశ్న అడిగిన తీరు. "మంథని, 1957 నుంచి 1977 వరకు" అని చదివి, వెనక్కి తిప్పితే పి.వి. నరసింహారావు కనిపిస్తారు. నాలుగు సార్లు అక్కడి నుంచే గెలిచి, 1971లో ముఖ్యమంత్రి అయి, 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లి, 1984లో అదే హనుమకొండలో ఓడి, మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచి, చివరికి 1991లో ఏ సభలోనూ సభ్యుడు కాని స్థితిలో ప్రధానమంత్రిగా ప్రమాణం చేసిన ఆ ప్రయాణాన్ని అరచేతి పాటి కార్డులో ఎక్కడా తడబడకుండా ఇమిడ్చారు. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక ఆయనను లోక్‌సభకు పంపింది. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డిని ఒక్కరినే గెలిపించి, అదే ఏడాది ఆయన రాష్ట్రపతి కావడానికి దారి వేసినది కూడా నంద్యాలే. ఈ రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి చూపించగానే మావాడు ఫోను కింద పెట్టాడు.

ఉదయగిరి కార్డు (1978, 1983లలో గెలిచి, 2017లో ఉపరాష్ట్రపతి అయిన వెంకయ్యనాయుడు), మెట్‌పల్లి కార్డు (2014లో మహారాష్ట్ర గవర్నర్ అయిన విద్యాసాగర్‌రావు) కూడా బాగున్నాయి.

చిక్కంతా "తరువాతి జీవితం" అంటే పెద్ద పదవి అని మాత్రమే ప్రచురణకర్త అనుకోవడంలో ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య కార్డే తీసుకోండి. ఆయన 1952లో ముందు రాజ్యసభకు వెళ్లి, ఆ తరువాత 1955లో గన్నవరం నుంచి శాసనసభకు వచ్చారు, 1978లో మళ్లీ అక్కడి నుంచే గెలిచారు. మెట్లెక్కే వరుసకు అది కుదరలేదు కాబోలు, రాజ్యసభను కూడా "తరువాత" అనే గడిలో పడేశారు. పరీక్షలో కాలక్రమం అడిగితే ఈ కార్డును నమ్ముకున్న విద్యార్థికి మార్కు పోవడం ఖాయం.

తరిమెల నాగిరెడ్డి కార్డు మరీ బాధ కలిగించింది. 1952లో మద్రాసు శాసనసభకు అనంతపురంలో స్వయానా బావ అయిన సంజీవరెడ్డినే ఓడించి, 1969లో సభ్యత్వానికి రాజీనామా చేసి, విప్లవోద్యమంలోకి వెళ్లి, 1976లో అజ్ఞాతంలోనే కన్నుమూసిన మనిషి వెనుక వైపు "పదవులు: లేవు" అనే రెండు మాటలే ఉన్నాయి. గడి ఖాళీగా వదిలినా ఇంతకన్నా గౌరవంగా ఉండేది.

శాసనమండలిని పూర్తిగా పక్కన పెట్టడం ఇంకో లోటు. 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చిన ఆ సభ కూడా రాష్ట్ర శాసన వ్యవస్థలో భాగమే. 1968లో మండలిలో అడుగుపెట్టి, 2009లో ముఖ్యమంత్రీ, 2011లో తమిళనాడు గవర్నరూ అయిన రోశయ్య ఈ పెట్టెలో లేరు. 1958 నుంచి రెండేళ్లు మండలి సభ్యుడిగా ఉన్న కాళోజీ కూడా లేరు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న రాష్ట్రంలో అమ్ముతున్న సరుకు ఇది. విజయవాడ తూర్పు నుంచి 1999లో గెలిచి, ఒక్క విడత పనిచేసిన కోట శ్రీనివాసరావుకు మాత్రం చోటు దొరికింది, అందుకు సంతోషమే.

గ్రూప్స్ రాసేవారు ఒక మంచి చరిత్ర పుస్తకం పక్కన పెట్టుకుని వాడుకుంటే డబ్బు దండగ కాదు. కేవలం దీన్నే నమ్ముకోవద్దు. పెట్టె అడుగున రెండు ఖాళీ కార్డులు ఇచ్చారు. ఒకదాని మీద సత్తెనపల్లి నుంచి నాలుగు సార్లు గెలిచి, ఆ తరువాత అధికార భాషా సంఘం తొలి అధ్యక్షుడిగా ఊరూరా తెలుగు కోసం తిరిగిన వావిలాల గోపాలకృష్ణయ్య పేరు రాశాను. రెండోది మావాడు తీసుకున్నాడు, ఎవరి పేరు రాశాడో ఇంకా చూపించలేదు.