బడిలో బాధ్యతల పంపకం: పనులు పంచితే సరిపోతుందా, నిర్ణయాలు కూడా పంచాలా?

చెన్నైలోని తెలుగు భాషా మైనారిటీ బడుల్లో హెడ్మాస్టర్ కుర్చీ ఇప్పుడు పాఠాల కంటే కాగితాలతోనే ఎక్కువ నిండిపోయింది. విద్యాశాఖ ఆన్‌లైన్ వివరాల వ్యవస్థ ఎమిస్‌లో నమోదులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఉచిత పుస్తకాల లెక్కలు, పదో తరగతి పబ్లిక్ పరీక్షల ఏర్పాట్లు. ఇదంతా ఒక్కరి వల్ల కాదని అందరూ ఒప్పుకుంటారు. ఎలా పంచాలన్న దగ్గరే పేచీ.

అన్నీ హెడ్మాస్టరే చూసుకునే పాత పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది: ఎవరిని అడగాలో తల్లిదండ్రులకు తెలుసు. అయిదారుగురు టీచర్లున్న చిన్న బడికి అది చాలు. పెద్ద బడిలో మాత్రం ఆయన విద్యాశాఖ మీటింగుకు వెళ్లిన రోజున ఏ పనీ కదలదు.

అందుకే చాలాచోట్ల పనులు పంచుతారు. ఒకరికి పరీక్షలు, ఒకరికి క్రమశిక్షణ, ఒకరికి టైం టేబుల్. ఈ టైం టేబుల్ ఇన్‌ఛార్జి ఉదయాన్ని చూడండి. ఇద్దరు టీచర్లు సెలవు పెట్టారు. ఖాళీ పీరియడ్లు ఎవరికి వెయ్యాలో ఆమె పుస్తకంలో రాసి, సంతకం కోసం హెడ్మాస్టర్ గది ముందు నిలబడుతుంది. అప్పటికి మొదటి పీరియడ్ సగం అయిపోతుంది. స్టాఫ్ రూములో "మళ్లీ నాకేనా మేడమ్?" అన్న విసుగంతా ఆమె మీదే. మార్చే అధికారం మాత్రం ఆమెకు లేదు. ఇది నాయకత్వం పంచడం కాదు, చాకిరీ పంచడం. మంచి టీచర్లు రెండేళ్లకే ఇన్‌ఛార్జి పదవి వద్దనడానికి కారణం ఇదే.

నిర్ణయాలు కూడా పంచడం మూడో దారి. ఒక ఉదాహరణ చూడండి. తమిళనాడు బడుల్లో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి అయింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఆరో తరగతిలో తమిళంలో వెనుకబడితే అదనపు పీరియడ్ ఎక్కణ్ణుంచి తేవాలి? తెలుగు పీరియడ్ కోసేస్తే బడి పెట్టిన ఉద్దేశమే దెబ్బతింటుంది. ఈ సంగతి తేల్చాల్సింది రోజూ ఆ పిల్లల నోటు పుస్తకాలు దిద్దే తమిళం, తెలుగు టీచర్లే. హెడ్మాస్టర్ వారిలో ఒకరిగా కూర్చుంటే చాలు. అక్కడ సర్వీసు కాదు, తరగతి గురించిన ఎరుక లెక్కకు రావాలి. నిన్న చేరిన తమిళం టీచరు మాటే సరైనది కావచ్చు.

విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే. కానీ 2012 సవరణతో మైనారిటీ, ఎయిడెడ్ బడుల్లో ఆ కమిటీది సలహా పాత్రే అయింది. 2014 సుప్రీంకోర్టు తీర్పుతో మైనారిటీ బడులకు ఆ చట్టమే వర్తించకుండా పోయింది. కనుక బడి లోపల టీచర్లకు మాట లేకపోతే నిర్ణయాలన్నీ యాజమాన్యం తరఫు కరస్పాండెంట్, హెడ్మాస్టర్ల దగ్గరే ఆగిపోతాయి.

నా ఓటు మూడో దారికే, రెండు షరతులతో. బాధ్యత తీసుకున్నవారికి వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించాలి. వారు తేల్చినదాన్ని ఏడాది మధ్యలో పైనుంచి తిరగదోడకూడదు. ఇవి లేకపోతే అది పేరు మార్చిన రెండో పద్ధతే.

పంచకూడనివీ ఉన్నాయి. డబ్బు లెక్కల సంతకం హెడ్మాస్టర్‌దే కావాలి. సిబ్బందిలో ఎవరైనా పిల్లలపై లైంగిక వేధింపులకు పాల్పడినట్లు తెలిసీ ఫిర్యాదు చేయకపోతే పోక్సో చట్టం సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు విధించగలదు. ఆ భారాన్ని ఏ ఇన్‌ఛార్జి మీదికీ నెట్టరాదు.

అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. వచ్చే జూన్‌లో టైం టేబుల్ ఒక్కటి, సంతకం అధికారంతో సహా, ఆ ఇన్‌ఛార్జికి అప్పగించండి.