జాగ్రత్త: ‘అన్ని వెర్షన్ మేనేజర్లతో పనిచేస్తుంది’ అనే టెస్ట్ రన్నర్ కొనేముందు ఇది చదవండి

వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌లో పైథాన్ టెస్టులు నడపడానికి డబ్బు పెట్టి ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కి తగిలించే అదనపు సాధనం) కొనాలనుకుంటున్నారా? ఒకే కంప్యూటర్‌లో రకరకాల పైథాన్ వెర్షన్లు పెట్టుకుని మార్చుకోనిచ్చే పైఎన్వ్ కూడా వాడుతున్నారా? అయితే కార్డు నంబరు కొట్టేముందు ఒక్క పది నిమిషాలు ఆగండి. జనవరిలో నేను అలాంటిదొకటి కొన్నాను. ఏడాది చందా 6,200 రూపాయలు. తర్వాత ‘సెటప్ సెషన్’ పేరుతో ఇంకో 2,500. మొత్తం 8,700 పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి. అది చూపించిన పచ్చ టిక్కులు నమ్మి నేను సర్వర్‌కి ఎక్కించిన కోడ్ వల్ల ఒక పిల్లల క్లినిక్‌లో ఒక పూటంతా అపాయింట్‌మెంట్లు తారుమారయ్యాయి. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

కంపెనీ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. జరిగింది మాత్రం దాచకుండా చెబుతాను.

నేను కాకినాడలో ఇంటి నుంచే పనిచేస్తాను. ఆ క్లినిక్‌కి రిమైండర్ మెసేజ్‌లు పంపే చిన్న ప్రోగ్రామ్ నాది. అది నడిచే సర్వర్‌లో ఉబుంటు 22.04 ఉంది, దానితో వచ్చే పైథాన్ 3.10. అందుకే నా మ్యాక్‌లో కూడా పైఎన్వ్‌తో ఈ ప్రాజెక్టుకు 3.10 పెట్టుకున్నాను. మిగతా పనులకు గ్లోబల్‌గా 3.12.4 ఉంటుంది. ఫోల్డర్ల అమరిక కూడా చెప్పాలి, గొడవంతా అక్కడే మొదలైంది. పైన ఒక పెద్ద ఫోల్డర్, దాని లోపల వెబ్‌సైట్‌కి ఒకటి, సర్వర్ కోడ్‌కి ఒకటి. ఏ వెర్షన్ వాడాలో పైఎన్వ్‌కి చెప్పే డాట్ పైథాన్-వెర్షన్ ఫైల్ సర్వర్ ఫోల్డర్‌లో ఉంది. ఎడిటర్‌లో మాత్రం నేను పై ఫోల్డర్ తెరిచి పనిచేస్తాను.

టెర్మినల్‌లో సర్వర్ ఫోల్డర్‌లోకి వెళ్లి, టెస్టులు నడిపే పైటెస్ట్ కమాండ్ కొడితే అన్నీ పాస్. ఎడిటర్‌లో టెస్టుల కోసం ఉండే బీకర్ బొమ్మ నొక్కితే అన్నీ ఎర్రగా, ‘నో మాడ్యూల్ నేమ్‌డ్ పైటెస్ట్’ అని వచ్చేది. రెండు రోజులు దీంతోనే కుస్తీ పట్టాను. ఆ విసుగులో ఉండగా ఈ పెయిడ్ ఎక్స్‌టెన్షన్ కంటపడింది. ‘పైఎన్వ్, ఏఎస్‌డీఎఫ్, మీజ్, కోండా ఏది వాడినా సరే, సెట్టింగ్ అక్కర్లేదు’ అని పెద్ద అక్షరాల్లో రాశారు. కొనేశాను.

ఇన్‌స్టాల్ చేశాక కూడా అదే ఎర్ర గుర్తు, అదే మాట. సపోర్ట్‌కి రాస్తే నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది: మీ మెషిన్‌లో సమస్య ఉంది, ప్రయారిటీ సెషన్ తీసుకుంటే మావాళ్లే సరిచేస్తారు. ఇంత డబ్బు పెట్టాను కదా, ఇంకొంచెం పెడితే పనైపోతుందనుకున్నాను. ఇలాంటి చోట్ల చాలామంది రెండోసారి కట్టేది ఈ ఆలోచనతోనే.

సెషన్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఒకాయన నా స్క్రీన్ కంట్రోల్ తీసుకుని టెర్మినల్ తెరిచి గబగబా ఏవో టైప్ చేశారు. మధ్యలో ‘ఏం చేస్తున్నారండీ?’ అని అడిగితే, ‘ఎడిటర్‌నీ టెర్మినల్‌నీ సింక్ చేస్తున్నాం సార్’ అన్నారు. ఎడిటర్ పూర్తిగా మూసి మళ్లీ తెరిపించారు. టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి. టెర్మినల్‌లో కూడా నడిపి చూశాను, అక్కడా పాస్. హమ్మయ్య అనుకుని ఆయనకు ఐదు చుక్కల రేటింగ్ కూడా ఇచ్చాను.

రెండు వారాలకు క్లినిక్ వాళ్ల బుకింగ్ యాప్ నుంచి వచ్చే సమయాలను చదివే భాగం కొత్తగా రాశాను. ఆ యాప్ తేదీ, మధ్యలో టీ అక్షరం, తర్వాత సమయం, చివర జెడ్ అక్షరం పెట్టి పంపుతుంది. దానికి టెస్టులు రాశాను, అన్నీ పచ్చ. రాత్రి సర్వర్‌కి ఎక్కించి పడుకున్నాను. పొద్దున్న తొమ్మిదిన్నరకు క్లినిక్ రిసెప్షన్ నుంచి ఫోన్. ‘సార్, నిన్న రాత్రి నుంచి ఒక్కరికీ మెసేజ్ వెళ్లలేదండి. పది గంటలకు రావాల్సినవాళ్లు ఇప్పుడు ఫోన్ చేసి అడుగుతున్నారు, టీకాకి రమ్మన్నవాళ్లు రానేలేదు. డాక్టరుగారు ఖాళీగా కూర్చున్నారు’ అంది ఆ అమ్మాయి. ఒళ్లు చల్లబడింది నాకు.

లాగ్‌లో ‘వేల్యూ ఎర్రర్: ఇన్‌వాలిడ్ ఐసోఫార్మాట్ స్ట్రింగ్’ అని వరసగా ఉంది. చివర జెడ్ ఉన్న సమయాన్ని డేట్‌టైమ్‌లోని ఫ్రమ్-ఐసోఫార్మాట్ ఫంక్షన్ చదవగలిగేది పైథాన్ 3.11 నుంచే. అది 2022 అక్టోబర్‌లో వచ్చింది. 3.10లో అదే లైను ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మరి నా టెస్టులు 3.10లో నడిచి ఉంటే ఎలా పాసయ్యాయి?

సర్వర్ ఫోల్డర్‌లో నిలబడి ‘పైఎన్వ్ వెర్షన్’ అని కొట్టాను. 3.10 రావాలి, పక్కన ఆ ఫోల్డర్‌లోని డాట్ పైథాన్-వెర్షన్ ఫైల్ వల్ల అని ఉండాలి. వచ్చింది ‘3.12.4’. పక్కన ‘సెట్ బై పైఎన్వ్_వెర్షన్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్’ అని ఉంది. అంటే టెర్మినల్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌లన్నిటికీ కనిపించేలా ఎవరో పెట్టిన విలువ. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ షెల్ (మన కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) చదివే ఫైల్, హోమ్ ఫోల్డర్‌లోని డాట్ జెడ్‌ఎస్‌హెచ్ ఆర్‌సీ. దాన్ని తెరిచి కిందికి జరిపితే, చిట్టచివర నేను రాయని ఎక్స్‌పోర్ట్ లైను, అంటే అలాంటి వేరియబుల్‌ని పెట్టే లైను ఒకటి కనిపించింది. పైఎన్వ్_వెర్షన్ ఈక్వల్ టు 3.12.4. సెషన్‌లో చేసిన ‘సింక్’ అదే. దాంతోపాటు నా ప్రాజెక్టు ప్యాకేజీలన్నీ 3.12లోకి ఇన్‌స్టాల్ చేసిపోయారు.

కొత్తవాళ్ల కోసం దీన్ని కొంచెం విడమర్చి చెప్పాలి. పైఎన్వ్ పెట్టుకున్నాక మీరు ‘పైథాన్’ అని కొడితే ముందు నడిచేది నిజమైన పైథాన్ కాదు, షిమ్ అనే చిన్న స్క్రిప్టు. ఏ వెర్షన్‌ని పిలవాలో అది ఒక వరసలో వెతుక్కుంటుంది. మొదట పైఎన్వ్_వెర్షన్ వేరియబుల్ ఉందా అని చూస్తుంది. లేకపోతే ఇప్పుడున్న ఫోల్డర్‌లో డాట్ పైథాన్-వెర్షన్ ఫైల్ కోసం, తర్వాత దాని పై ఫోల్డర్లలో, ఎక్కడా దొరక్కపోతే గ్లోబల్. వెతుకులాట పైకే వెళుతుంది, లోపలి ఫోల్డర్లలోకి దిగదు. నా ఎడిటర్ టెస్టులను పై ఫోల్డర్ నుంచి నడిపింది, అక్కడ ఫైల్ లేదు, గ్లోబల్ 3.12 దొరికింది, అందులో పైటెస్ట్ లేదు. మొదటి ఎర్ర గుర్తుకు కారణం ఇంతే. సెటప్ చేసినాయన వరసలో అన్నిటికన్నా ముందుండే వేరియబుల్‌ని పెట్టేశారు. దాంతో నా కంప్యూటర్‌లో ఒక్క డాట్ పైథాన్-వెర్షన్ ఫైల్‌కీ విలువ లేకుండా పోయింది. ఈ ఒక్క ప్రాజెక్టే కాదు, మరో ఇద్దరు క్లయింట్ల పని కూడా ఆ రెండు వారాలూ తప్పు వెర్షన్‌లోనే టెస్ట్ అయింది. అన్నీ మళ్లీ కూర్చుని చూసుకున్నాను.

అసలు చేయాల్సింది ఒక్క నిమిషం పని. సర్వర్ ఫోల్డర్‌నే విడిగా తెరవడం, లేదా ఆ ప్రాజెక్టుకు 3.10తో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకే విడిగా పైథాన్, ప్యాకేజీలు ఉండే ఫోల్డర్) చేసి, కమాండ్ ప్యాలెట్‌లో ‘పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ దగ్గర దాన్ని ఎంచుకోవడం, సెట్టింగ్స్‌లో టెస్టింగ్ సీడబ్ల్యూడీకి (టెస్టులు ఏ ఫోల్డర్ నుంచి నడవాలో చెప్పేది) సర్వర్ ఫోల్డర్ ఇవ్వడం. ఇవన్నీ మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పైథాన్ ఎక్స్‌టెన్షన్‌లోనే ఉన్నాయి. అది పైటెస్ట్‌నీ యూనిట్‌టెస్ట్‌నీ నడుపుతుంది. వీఎస్ కోడ్‌లో ఆ టెస్టుల పట్టీ అందరికీ ఒకటే, ఏ ఎక్స్‌టెన్షన్ అయినా తన టెస్టులను అక్కడే చూపించవచ్చు. నేను 6,200 పెట్టి కొన్నదానిలో నాకు పనికొచ్చిన కొత్త సౌకర్యం ఏదీ కనిపించలేదు.

ఇంకో విషయం నాకు చాలా కోపం తెప్పించింది. పైటెస్ట్‌ని మామూలుగా నడిపితే మొదట్లోనే ఒక లైను చూపిస్తుంది: ప్లాట్‌ఫామ్ డార్విన్, పైథాన్ ఫలానా వెర్షన్, పైటెస్ట్ ఫలానా వెర్షన్ అని. మ్యాక్‌లో డార్విన్, సర్వర్‌లో లినక్స్ అని ఉంటుంది. ఈ ఎక్స్‌టెన్షన్ తన ప్యానెల్‌లో ఆ లైనును దాచేస్తుంది, ‘శుభ్రమైన అవుట్‌పుట్’ అని దాన్ని గొప్పగా కూడా చెప్పుకున్నారు. ఆ ఒక్క లైను ఎడిటర్‌లో కనిపించి ఉంటే నేను మొదటి రోజే పట్టుకునేవాణ్ని.

కాబట్టి ఏ టెస్ట్ రన్నర్ అయినా సరే, ట్రయల్‌లో ఉండగానే ఈ పరీక్ష పెట్టండి. సిస్ మాడ్యూల్‌లోని వెర్షన్-ఇన్ఫోలో మొదటి రెండు అంకెలు మీ సర్వర్ వెర్షన్‌తో సమానమా అని అడిగే రెండు లైన్ల టెస్టు రాయండి, ఫెయిలైతే సిస్.ఎగ్జిక్యూటబుల్ (నడిచిన పైథాన్ ఎక్కడుందో చెప్పే దారి) ప్రింట్ అయ్యేలా పెట్టండి. దాన్ని టెర్మినల్‌లో ఒకసారి, ఎడిటర్‌లో ఒకసారి నడపండి. రెండుచోట్లా పాసవ్వాలి; ఎక్కడ ఫెయిలైతే అక్కడ వచ్చే పైథాన్ దారి చూడండి. ఆ టెస్టుని తర్వాత తీసేయకండి, ప్రాజెక్టులోనే ఉండనివ్వండి. ఇప్పుడు నా ప్రాజెక్టులన్నిటిలో అది మొదటి టెస్టు.

డాక్‌లో బొమ్మ నొక్కి ఎడిటర్ తెరిచేవాళ్లు ఇంకొకటి గమనించాలి. అలా తెరిచిన యాప్‌కి మీ టెర్మినల్‌లోని పాత్ (ప్రోగ్రామ్‌లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా) నేరుగా రాదు. వీఎస్ కోడ్ లోపల ఒక షెల్‌ని నడిపి దాన్ని తెచ్చుకోవాలని చూస్తుంది. మీ షెల్ ఫైల్ బరువెక్కి ఆలస్యమైతే, మామూలుగా పది సెకన్లు చూసి, కుదరలేదని మెసేజ్ ఇచ్చి వదిలేస్తుంది. అప్పుడు పైఎన్వ్ ఉందని కూడా ఎడిటర్‌కి తెలియదు. అనుమానం వస్తే ఎడిటర్‌ని పూర్తిగా క్విట్ చేసి, టెర్మినల్‌లో ప్రాజెక్టు ఫోల్డర్ నుంచి ‘కోడ్ డాట్’ అని తెరిచి చూడండి. అప్పుడు పనిచేస్తే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ వాడేవాళ్లకు కూడా ఇలాంటిదే ఉంది: నోడ్ వెర్షన్లు మార్చే ఎన్‌వీఎం అనేది షెల్ ఫంక్షన్, దానికి షిమ్‌లు లేవు, షెల్ ఫైల్ చదవని ప్రోగ్రామ్‌కి అది కనిపించదు. అందువల్ల ‘సెట్టింగ్ అక్కర్లేదు’ అని ఎవరైనా చెబితే, లోపల ఏ వెర్షన్‌ని ఎలా ఎంచుకుంటున్నారో రాతపూర్వకంగా అడగండి. సమాధానం చెప్పలేకపోతే కొనకండి.

రిఫండ్ అడిగితే, ట్రయల్ వాడేశారు కాబట్టి ఇవ్వలేం అన్నారు. సెషన్ డబ్బులు అడిగితే, టెస్టులు పాసయ్యాయి కదా, పని పూర్తయినట్టే అని రాశారు. నా షెల్ ఫైల్‌లో ఆ ఎక్స్‌పోర్ట్ లైను ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు మూడు మెయిళ్లలోనూ జవాబు లేదు.

చందాల విషయంలో మన దగ్గర కొన్ని రక్షణలున్నాయి, వాడుకోండి. కార్డు మీద ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటల ముందే బ్యాంకు మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ మెసేజ్ నుంచే వద్దని చెప్పే వీలు కూడా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే చందా ఆగిపోదు, బ్యాంకు యాప్‌లో మ్యాండేట్ (ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవడానికి మనం ఇచ్చిన అనుమతి) వెతికి రద్దు చేసుకోవాలి. నేను అలాగే చేశాను. అమ్మినవాళ్లు మన దేశంలోవాళ్లయితే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు. చందాలో ఇరికించి బయటికి రానివ్వకపోవడాన్ని 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే యాప్, వెబ్‌సైట్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో పేరు పెట్టి మరీ తప్పన్నారు. అన్నిటికన్నా ముందు, ఏడాది ప్లాన్ మీద తగ్గింపు ఉందని తొందరపడకుండా ఒక నెలకే కట్టి చూడండి.

స్క్రీన్ కంట్రోల్ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే ముందు మీ షెల్ ఫైళ్లకు ఒక కాపీ తీసి పెట్టుకోండి, వాళ్లు కొట్టే ప్రతి కమాండ్ దేనికో అడగండి, అయ్యాక పాత కాపీనీ ఇప్పటి ఫైలునూ డిఫ్ చేసి, అంటే తేడాలు పోల్చి చూసుకోండి. ఇప్పటికే ఇలాంటి సెషన్ ఎవరైనా చేయించుకుని ఉంటే, ఈ రాత్రికే ఒకసారి ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘పైఎన్వ్ వెర్షన్’ కొట్టి పక్కన ఏం రాసి ఉందో చదవండి. వేరియబుల్ అని ఉంటే జెడ్‌ఎస్‌హెచ్ ఆర్‌సీ ఫైల్ చివరిదాకా వెళ్లి చూడండి.