పునాది చదువుకు ఏది మేలు: అందరికీ ఒకే పక్కా పాఠమా, స్థాయిని బట్టి బోధనా?

పిల్లల్ని బడిలో చేర్చడం అనే పని చాలా దేశాల్లో ఎంతోకొంత జరిగింది. చేరినవాళ్లకు చదవడం రావడమే జరగలేదు. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో సుమారు 70 శాతం మంది చిన్న కథ చదివి అర్థం చేసుకోలేరని ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలు 2022లో అంచనా వేశాయి. కరోనాకు ముందే అది 57 శాతం. కాబట్టి తప్పంతా కరోనా మీదకు నెట్టేయడానికి లేదు.

ఈ లోటు పూడ్చడానికి రెండు పద్ధతులు గట్టిగా నిలబడ్డాయి. ఒకటి స్ట్రక్చర్డ్ పెడగాజీ. ఒకటి నుంచి మూడో తరగతి వరకు ప్రతి రోజూ ఏ అక్షరం, ఏ పదాలు, ఏ లెక్క చెప్పాలో టీచర్ గైడ్‌లో వరసగా రాసి ఉంటుంది. దానికి తగ్గ పుస్తకం ప్రతి పిల్లకీ సొంతంగా ఇస్తారు. నెలకోసారైనా ఒకరు తరగతికి వచ్చి కూర్చుని, టీచర్‌కు సాయం చేసి వెళ్తారు. రెండోది టీచింగ్ అట్ ది రైట్ లెవెల్, వాడుకలో టార్ల్. మన దేశంలో ప్రథమ్ సంస్థ దీన్ని తీర్చిదిద్దింది. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి రెండు నిమిషాల పరీక్ష పెడతారు. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు ఒక గుంపు, పదాలు చదివేవాళ్లు ఇంకో గుంపు, పేరా చదివేవాళ్లు మరో గుంపు. రోజుకు గంటసేపు తరగతి గోడలు లేనట్టే లెక్క.

మొదటిదానికి పేరుమోసిన ఉదాహరణ కెన్యాలోని టుసోమే అనే పథకం. ముందు కొన్ని జిల్లాల్లో పరీక్షించి, 2015లో దేశమంతటికీ తీసుకెళ్లారు. అంతకుముందు జరిగిన ప్రయోగంలో ఒక మంచి పోలిక చేశారు. కొన్ని బడుల్లో శిక్షణ, సాయం మాత్రమే ఇచ్చారు. కొన్నిచోట్ల వాటికి తోడు పిల్లకో పుస్తకం ఇచ్చారు. ఇంకొన్నిచోట్ల టీచర్ గైడ్ కూడా కలిపారు. అన్నీ కలిసినచోటే ఫలితం ఎక్కువ, పెట్టిన డబ్బుకు గిట్టుబాటు కూడా అక్కడే. గైడ్ అంటే టీచర్ నోరు కట్టేయడమే అనే విమర్శ ఎప్పుడూ ఉంటుంది. గైడ్ నాసిరకంగా ఉంటే ఆ విమర్శ న్యాయమే. కానీ అరవై మంది పిల్లలతో, అరకొర శిక్షణతో ఒకటో తరగతిలో నిలబడ్డ కొత్త టీచర్‌కు రేపు ఏం చెప్పాలో తెలియడం అవమానం కాదు, ఊరట.

రెండోదానికి ఆధారాలు ఇంకా పాతవి. 2013-14లో ఉత్తరప్రదేశ్‌లో ప్రథమ్ బడివేళల్లోనే పది ఇరవై రోజుల చొప్పున, మొత్తం యాభై రోజులు క్యాంపులు పెట్టింది. పేరా, కథ చదవగలిగే పిల్లల వాటా, క్యాంపులు లేని బడులతో పోలిస్తే, దాదాపు రెట్టింపు అయింది. యాభై రోజులకు ఇంత ఫలితం చదువు రంగంలో చాలా అరుదు. కారణం మాత్రం సాదాసీదా. నాలుగో తరగతిలో అక్షరాలే రాని పిల్లకు నాలుగో తరగతి పాఠం ఎంత బాగా చెప్పినా గాలిమాటే. దాన్ని పక్కనపెట్టి, ఆమె ఆగిపోయిన చోట నుంచి మొదలుపెట్టారు.

అయితే టార్ల్‌ను తలకెత్తుకునేవాళ్లు బిహార్, ఉత్తరాఖండ్ కథ కూడా చెప్పాలి. అక్కడ 2008-10 మధ్య ప్రభుత్వ టీచర్లకు ఇదే పద్ధతిలో శిక్షణ, సామగ్రి ఇచ్చి, మామూలు బడి రోజుల్లో వాడుకోమన్నారు. చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. అదే బిహార్‌లో వేసవి క్యాంపుల్లో ప్రభుత్వ టీచర్లే చెప్పినప్పుడు మాత్రం పిల్లలు ముందుకెళ్లారు. మనుషులు అలాంటివాళ్లే, తేడా సమయంలో ఉంది. బడి తెరిచాక సిలబస్ పూర్తిచేయాలన్న టెన్షన్ మొదలవుతుంది, పై అధికారి అడిగేది కూడా ఎన్ని పాఠాలు అయ్యాయనే. 2012-13లో హర్యానా దీని నుంచి నేర్చుకుంది. బడివేళలకు ఒక గంట కలిపి, ఆ గంట దీనికే అని ప్రభుత్వమే చెప్పి, చూసుకోవడానికి క్షేత్రస్థాయి సిబ్బందిని పెట్టింది. చదవడంలో మెరుగుదల కనిపించింది, క్యాంపుల్లో వచ్చినంత కాకపోయినా.

కాబట్టి రెండింటిలో ఏది తేలిక అని అడిగితే, కాగితం మీద టార్ల్ తేలిక. కొత్త పాఠ్యపుస్తకాలు అక్కర్లేదు, పరీక్ష కాగితం ఒక పేజీ. కానీ దానికి కావలసిన ఆ ఒక్క గంట ఇవ్వడమే శాఖలకు అన్నిటికంటే కష్టం. స్ట్రక్చర్డ్ పెడగాజీ సిలబస్‌తో తగాదా పెట్టుకోదు, తనే సిలబస్ అవుతుంది. దాని బరువంతా అచ్చు, రవాణా, తరగతికి వచ్చి సాయపడే మనుషుల మీద పడుతుంది.

ఆ మనుషుల దగ్గరే బడ్జెట్ కోత మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలోని నార్త్ వెస్ట్ రాష్ట్రంలో ఒకే రకం పాఠాలు, ఒకే రకం పుస్తకాలు ఇచ్చి, కొందరు టీచర్లను కేంద్రానికి పిలిపించి శిక్షణ ఇచ్చారు. మిగతావాళ్ల తరగతికే కోచ్, అంటే పక్కన కూర్చుని సాయపడే మనిషి, వెళ్లారు. రెండేళ్ల తర్వాత చూస్తే కోచ్ వెళ్లినచోట పిల్లల చదువులో మెరుగుదల రెండింతలు. కెన్యాలో ఈ కోచ్ పని చేసే అధికారులు నిజంగా బడికి వెళ్లాకే ప్రయాణ ఖర్చు చెల్లించేలా ఏర్పాటు చేశారు. ఎంత చిన్న ఏర్పాటు! నన్నడిగితే ఆ పథకంలో పుస్తకాల తర్వాత అతి ముఖ్యమైనది అదే.

టాబ్లెట్ల సంగతికి ఎక్కువ చోటు అక్కర్లేదు. పెరూలో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచితే చదవడంలో, లెక్కల్లో తేడా కనిపించలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో మంచి ఫలితం వచ్చింది, ఎందుకంటే అది పిల్ల స్థాయిని పట్టుకుని అక్కడి నుంచి లెక్క ఇస్తుంది. అంటే అక్కడ పనిచేసింది కూడా టార్ల్ ఆలోచనే. తెర లేకుండా దొరికేదానికి ముందే తెర కొనడం ఎందుకు?

లెక్కల విషయంలో రెండు పద్ధతులకూ ఒక లోపం ఉంది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలు తూకం, ధర, చిల్లర మనసులోనే చకచకా కట్టేస్తారు. అదే లెక్క బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడతారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలది దీనికి తిరగబడిన కథ. 2025లో వచ్చిన ఈ పరిశోధన చూశాక, అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం వరకే ఆగే పరీక్షలతో గుంపులు కట్టడం నాకు తృప్తినివ్వట్లేదు. చదవడానికి ఉన్నంత పక్కా పద్ధతి లెక్కలకు ఇంకా కుదరలేదు.

ఇక ఎంపిక. డబ్బు ఒక్కదానికే ఉండి, నాలుగైదు తరగతుల్లో సగానికి పైగా పిల్లలు పేరా చదవలేని దేశమైతే, ముందు టార్ల్‌కే నా ఓటు. వాళ్లు ఇంకో ఏడాది రెండేళ్లలో ప్రాథమిక బడి దాటేస్తారు, ఆ తర్వాత వాళ్లకు అక్షరాలు నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ దాన్నే శాశ్వత పథకం చేయకూడదు. ఒకటో తరగతి పాఠం మారకపోతే ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ అదే గుంపుల్లోకి వచ్చి చేరుతుంది. రెండో ఏడాది నుంచైనా ఒకటి, రెండు తరగతుల్లో గైడ్, పుస్తకం, కోచ్ మొదలవ్వాలి. ఐదారేళ్లు ఆగకుండా నడిపే స్తోమత, పట్టుదల ఉన్న ప్రభుత్వమైతే వరస తిప్పి, ఒకటో తరగతితోనే మొదలుపెట్టవచ్చు.

స్తోమత లేకపోతే ఖర్చు తగ్గించి సగం పథకం నడుపుదాం అనేవాళ్లకు ఉగాండా అనుభవం ఉంది. అక్కడ మాతృభాషలో చదువు నేర్పే పథకాన్ని పూర్తి హంగులతో నడిపినప్పుడు చదవడంలో భారీ లాభం వచ్చింది. సామగ్రి, శిక్షణ తగ్గించి చవక రూపంలో నడిపితే చదవడంలో లాభం తగ్గింది, రాయడంలో కొన్ని అంశాల్లో పిల్లలు పథకమే లేని బడుల కంటే వెనకబడ్డారు. అందుకే డబ్బు చాలనప్పుడు జిల్లాలు తగ్గించుకోవాలి, కోచ్‌లను కాదు.