పిల్లి దురదకు అమ్మే డైట్లు, నూనెలు, షాంపూలు: ఏది కొనాలి, ఏది ముట్టుకోకూడదు

పిల్లి చర్మ అలర్జీ పేరు చెప్పి అమ్మే వాటిలో డబ్బుకు తగ్గ ఫలితమిచ్చేది హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ డైట్, అంటే ప్రోటీన్‌ను చిన్న ముక్కలు చేసిన ఫుడ్. అది కూడా పట్టుదలగా, వేరే ముక్క నోట్లో పడకుండా పెడితేనే. చేపనూనె దానికి మంచి తోడు. ఓట్స్ స్నానం ఒకటి రెండు రోజుల ఉపశమనం. సహజం అని రాసి అమ్మే మిగతావాటిలో చాలావరకు దండగ, కొన్నయితే పిల్లి ప్రాణానికే ముప్పు.

డైట్ కొనేముందు ఒక పని పూర్తి కావాలి. దురద కనపడగానే తిండి మీద అనుమానం పోతుంది గానీ, పిల్లుల్లో మొదట పట్టుకోవాల్సింది ఫ్లీలను, అంటే బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులను. ఫ్లీ ఉమ్మి పడని పిల్లికి రెండు మూడు కాట్లు చాలు, నడుం కింది భాగం, తోక మొదలు, తొడల వెనక బొచ్చంతా నాకి ఊడగొట్టుకుంటుంది. నాకేటప్పుడు ఫ్లీలను కూడా మింగేస్తుంది కాబట్టి ఒంటి మీద ఒక్కటీ దొరక్కపోవచ్చు. అందుకే పురుగు కోసం కాదు, దాని మలం కోసం వెతకాలి. సన్నపళ్ల ఫ్లీ దువ్వెనతో తోక మొదట్లో వ్యతిరేక దిశలో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడిపిన తెల్ల టిష్యూ మీద దులపండి. గింజ చుట్టూ ఎర్రగా, తుప్పురంగులో తడి పాకితే అది మట్టి కాదు, అరిగిన రక్తం. ఫ్లీ మందు ఆ ఒక్క పిల్లికే వేస్తే లాభం లేదు. ఇంట్లో ఉన్న కుక్కలకూ పిల్లులకూ అన్నిటికీ, గడువు తప్పకుండా కనీసం రెండు మూడు నెలలు వేయాలి. ఎందుకంటే కార్పెట్లో, సోఫా సందుల్లో ఉన్న ప్యూపాలు (ఇంకా గూడు విడవని ఫ్లీ పిల్లలు) వారాల తరబడి పొదుగుతూనే ఉంటాయి. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ చుక్కలు మాత్రం పిల్లికి విషం, డోసు తగ్గించి వేసినా సరే. తామర, పురుగుగజ్జి లేవని కూడా డాక్టర్ చేత చూపించుకున్నాకే తిండి సంగతి మొదలుపెట్టాలి.

హైడ్రోలైజ్డ్ డైట్లు

రోగనిరోధక వ్యవస్థ ప్రోటీన్‌ను దాని ఆకారాన్ని బట్టి గుర్తుపడుతుంది. హైడ్రోలైజ్డ్ డైట్‌లో ఆ ప్రోటీన్‌ను ఎంజైములతో గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు చేసేస్తారు. పోషణ అలాగే ఉంటుంది, అలర్జీని రేపే ఆకారం పోతుంది. ఏ మాంసం పడటం లేదో తెలియకపోయినా మొదలుపెట్టగలగడం దీని పెద్ద సౌలభ్యం.

అన్నీ ఒకటి కావు. హిల్స్ జెడ్/డి లో ఉండేది కోడి కాలేయం నుంచి తీసిన హైడ్రోలైజ్డ్ ప్రోటీన్. రాయల్ కానిన్ హైపోఅలర్జెనిక్‌లో సోయా. అదే కంపెనీ అనలర్జెనిక్‌లో కోడి ఈకల ప్రోటీన్, దాన్ని ఇంకా లోతుగా, ఎక్కువ భాగం విడి అమైనో ఆమ్లాల దాకా విరగ్గొడతారు. ముక్కలు ఎంత చిన్నవైతే అంత భద్రం. కోడి తిన్నప్పుడల్లా గోక్కుంటుందని గట్టి అనుమానం ఉన్న పిల్లికి కోడి హైడ్రోలైజేట్‌తో మొదలుపెట్టడం మాకు ఇష్టం లేదు. చాలా పిల్లులు తట్టుకుంటాయి గానీ కొన్నింటికి ఆ ముక్కలకూ దురద రేగుతుంది, అప్పుడు రెండు నెలలు వృథా. అలాంటి పిల్లికి సోయా గానీ, ఈకల ప్రోటీన్ గానీ తీసుకోండి.

లోపాలూ ఉన్నాయి. ముక్కలైన ప్రోటీన్‌కు కాస్త చేదు వస్తుంది, రుచి పట్టింపున్న పిల్లి మూతి తిప్పుకుంటుంది. కొన్నింటికి మొదటి వారం విరేచనం మెత్తబడుతుంది. ఖర్చు మామూలు ఫుడ్ కంటే బాగా ఎక్కువ, చాలాచోట్ల డాక్టర్ చీటీ కూడా అడుగుతారు.

మార్చడం మెల్లగా జరగాలి. రెండు మూడు రోజులు నాలుగో వంతు కొత్తది, ఇంకో రెండు మూడు రోజులు సగం, తర్వాత ముప్పాతిక, పది రోజుల్లో పూర్తిగా. ఆకలేస్తే అదే తింటుందిలే అని మొండికి పోవడం పిల్లి విషయంలో ప్రమాదం. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలో పేరుకుని హెపాటిక్ లిపిడోసిస్ వస్తుంది, లావుగా ఉన్న పిల్లికి మరీ త్వరగా. ఒక రోజంతా ముట్టుకోకపోతే పాత ఫుడ్‌కి వెనక్కి వెళ్లి ఇంకా నిదానంగా మార్చండి, రెండో రోజూ అంతే అయితే డాక్టర్‌కు చెప్పండి. డబ్బా ఫుడ్‌ని పిల్లి ఒంటి వేడికి, అంటే 38 డిగ్రీల దాకా వెచ్చచేస్తే వాసన లేచి, తినని పిల్లులు కూడా దిగుతాయి.

ఈ డైట్ పరీక్షకు గడువు 8 వారాలు. పాత ఫుడ్ పూర్తిగా ఆగిన రోజు నుంచి లెక్క, మార్పు మొదలైన రోజు నుంచి కాదు. తిండి అలర్జీ ఉన్న పిల్లుల్లో సుమారు 80 శాతం ఆరు వారాలకు, 90 శాతానికి పైగా ఎనిమిది వారాలకు తేలికపడతాయి. మూడో వారంలో ఏమీ లేదని ఆపేసేవాళ్లే ఎక్కువ, ఈ డైట్లకు చెడ్డపేరు రావడానికి ప్రధాన కారణం అదే. దురదను 0 నుంచి 10 వరకు రోజూ ఒకే సమయంలో రాసుకోండి, వారానికోసారి అదే వెలుతురులో పొట్ట, మెడ ఫోటోలు తీయండి. రోజూ చూసే కంటికి నిదానంగా వచ్చే మార్పు తెలియదు.

ఇక బయటి నుంచి దొంగచాటుగా వచ్చే ప్రోటీన్. పక్క పిల్లి గిన్నె, కుక్క గిన్నె, పిల్లలు ఇచ్చే చిన్న ముక్క, వేటాడి తెచ్చిన బల్లి లాంటివి తెలిసినవే. తెలియకుండా వచ్చేవి వేరు: మాత్ర దాచి పెట్టే పేస్టు, కోడి రుచి కలిపిన టూత్‌పేస్టు, మాంసం రుచితో చేసిన నమిలే మాత్రలు, జెలటిన్ క్యాప్సూల్ తొడుగులు. ట్రీట్ కావాలంటే అదే డ్రై ఫుడ్ గింజలు కొన్ని వేరే డబ్బాలో తీసి పెట్టుకోండి. దురద మరీ తీవ్రంగా ఉండి పిల్లి చర్మం చీల్చుకుంటుంటే, మొదట్లో కొద్దిరోజులు డాక్టర్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వవచ్చు. దానికి భయపడాల్సిన పనిలేదు, కానీ చివరి రెండు వారాలైనా ఆ మందు లేకుండా గడవాలి. లేకపోతే తగ్గింది తిండి వల్లో మందు వల్లో తేలదు.

తగ్గాక పాత ఫుడ్ మళ్లీ పెట్టి చూడాలి. మనసొప్పదు, నిజమే. కానీ ఈ మెట్టు దాటితేనే తిండి అలర్జీ అని రుజువవుతుంది. సాధారణంగా రెండు వారాల్లోపే దురద తిరిగి వస్తుంది, చాలా పిల్లుల్లో వారంలోనే. వెంటనే హైడ్రోలైజ్డ్‌కి వెళ్లి, సర్దుకున్నాక ఒక్కొక్క మాంసాన్ని విడిగా రెండేసి వారాలు పెట్టి చూస్తే దోషి ఏదో తెలుస్తుంది. జీవితాంతం ఖరీదైన ఫుడ్ కొనాల్సిన అవసరం తప్పేది కూడా ఇక్కడే.

షాపుల్లో దొరికే "అలర్జీ ఫుడ్లు"

వీటి మీద మా అభిప్రాయం బాగా లేదు. ధాన్యం లేనిది అని పెద్ద అక్షరాల్లో రాస్తారు, కానీ పిల్లుల్లో ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, చేప, కోడి. గోధుమ, మొక్కజొన్న వాటా తక్కువ. చర్మానికి మంచిదని సాల్మన్ ఫుడ్ అమ్ముతారు, చేప పడని పిల్లికి అదే మంట పెడుతుంది. ముందు వైపు బాతు బొమ్మ ఉన్న డబ్బాను వెనక్కి తిప్పి పదార్థాల వరుస చదవండి: బాతు, తర్వాత కోడి కాలేయం, తర్వాత చేప పులుసు. పేరు బాతుది, కడుపులోకి వెళ్లేవి మూడు. లేబుల్ మీద ఒకే ప్రోటీన్ ఉన్న ఫుడ్లను ల్యాబుల్లో పరీక్షించినప్పుడు కూడా రాయని మాంసాలు బయటపడ్డాయి, ఒకే యంత్రం మీద రకరకాల ఫుడ్లు తయారవడం వల్ల అలా జరుగుతుంది. రోజువారీ తిండిగా వీటికి అభ్యంతరం లేదు, పరీక్షకు మాత్రం పనికిరావు.

ఇంట్లో వండి పెట్టాలనుకునేవారికి: పిల్లి ఇదివరకెన్నడూ తినని కుందేలు లాంటి ఒకే మాంసంతో పరీక్ష చేయొచ్చు, ఫలితం కూడా నమ్మదగ్గదే. అయితే వట్టి మాంసంలో కాల్షియం చాలదు, ఉడికించి నీళ్లు పారబోస్తే టారిన్ పోతుంది. టారిన్ లోపిస్తే గుండె, కంటి రెటీనా దెబ్బతింటాయి. పశుపోషణ తెలిసిన డాక్టర్ రాసిచ్చిన కొలతలు లేకుండా వారాల తరబడి నడపకండి. పూర్తి శాకాహారం పిల్లికి కుదరదు.

చేపనూనె

సహజ మందుల్లో మేం మనస్ఫూర్తిగా సిఫార్సు చేసేది ఇదొక్కటే. ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వులు చర్మంలో వాపును తగ్గిస్తాయి. అవిసె నూనె ప్రత్యామ్నాయం కాదు, అందులోని కొవ్వును ఈపీఏగా మార్చుకునే ఎంజైము పిల్లిలో చాలా తక్కువ. కాడ్ లివర్ ఆయిల్ అసలే వద్దు, విటమిన్ ఎ, డి మోతాదు మించిపోతుంది.

సీసా మీద పెద్దగా ఉండే అంకె చూసి మోసపోవద్దు. 1000 మిల్లీగ్రాముల మామూలు క్యాప్సూల్‌లో సాధారణంగా 180 ఈపీఏ, 120 డీహెచ్ఏ, కలిపి 300 మిల్లీగ్రాములే ఉంటాయి. పిల్లి బరువు కిలోకు ఈ రెండూ కలిపి 50 నుంచి 75 మిల్లీగ్రాములు మంచి కొలత, అంటే నాలుగు కిలోల పిల్లికి 200 నుంచి 300. పావు వంతుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి. విరేచనం పలచబడితే వెనక్కి తగ్గండి. చర్మ డైట్లలో చాలావాటికి చేపనూనె ముందే కలిపి ఉంటుంది, దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు. డైట్ పరీక్ష నడుస్తుండగా దీన్ని కొత్తగా మొదలుపెట్టకండి. ఒకవేళ ముందునుంచే ఇస్తుంటే క్యాప్సూల్ తొడుగు పెట్టకుండా, సూదితో గుచ్చి నూనె మాత్రమే పిండండి, ఆ తొడుగు జెలటిన్ పశువుది.

సీసా తెరిచాక ఫ్రిజ్‌లో ఉండాలి. ముక్కుకు ఘాటుగా, పాత పెయింట్ వాసన వస్తే పారేయండి. విటమిన్ ఇ కలిపినది ఎంచుకోండి, అది లేకుండా చేపనూనె విపరీతంగా పోస్తే పిల్లుల్లో ఒంటి కొవ్వే వాచి నొప్పెడుతుంది. ఆపరేషన్ ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి, రక్తం గడ్డకట్టడం కొంత ఆలస్యమవుతుంది.

పైపూతలు

ఓట్స్ షాంపూ కొనడం కంటే పొడి ఇంట్లో చేసుకోవడం మేలు, వాసనద్రవ్యాల గొడవ ఉండదు. ఏ రుచీ కలపని ఓట్స్‌ను మిక్సీలో మెత్తగా కొట్టండి. చెంచాడు పొడి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో వేసి కలిపితే నీళ్లన్నీ పాలలా తెల్లబడాలి, అడుగున దిగితే ఇంకా కొట్టాలి. చిన్న టబ్బు నీళ్లకు అరకప్పు పొడి. స్పాంజితో ఐదు పది నిమిషాలు తడిపి, బాగా కడిగి, తువ్వాలుతో అద్దండి. ఒంటి మీద మిగిలిందంతా పిల్లి నాకేస్తుంది, కాబట్టి కడగడంలో బద్ధకం పనికిరాదు. నీళ్లంటే బెదిరే పిల్లికి స్నానం బలవంతం చేయకండి, ఆ నీళ్లలో తడిపిన గుడ్డతో మచ్చ ఉన్నచోట అద్దితే చాలు.

కొబ్బరినూనె పొడిచర్మాన్ని కాస్త మెత్తబరుస్తుంది, అలర్జీని తగ్గించదు. నాకితే విరేచనాలు, బొచ్చు అట్టలు. యాపిల్ సైడర్ వెనిగర్ గోకి చిట్లిన చర్మం మీద మంట. కలబంద ఆకు పసుపు రసం కడుపులోకి పోతే విరేచనాలు.

టీ ట్రీ ఆయిల్ దగ్గర మాత్రం కచ్చితంగా చెప్పాలి: పిల్లి ఉన్న ఇంట్లో వద్దు. ఇలాంటి నూనెల్లోని పదార్థాలను విరగ్గొట్టి బయటికి పంపే కాలేయ మార్గం పిల్లికి బలహీనం. కలపని నూనె కొద్ది చుక్కలు చర్మానికి తగిలినా కొన్ని గంటల్లో చొంగ, తూలడం, వణుకు, ఒళ్లు చల్లబడటం మొదలవుతాయి. పొరపాటున పడితే గిన్నెలు కడిగే లిక్విడ్ సబ్బుతో వెంటనే కడిగి, వాంతి చేయించకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. నిమ్మజాతి నూనెలూ అంతే. సహజమే కదా అని వేపనూనె పూసినా పిల్లులకు వణుకు, చొంగ వస్తాయి. ఫ్లీలు పోతాయని వెల్లుల్లి తినిపించేవాళ్లున్నారు, అది ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది.

మరో మందు గురించి తక్కువమందికి తెలుసు: పాల్మిటోయిల్ ఇథనోలమైడ్, పొట్టిగా పీఈఏ. ఒంట్లో సహజంగా తయారయ్యే కొవ్వు పదార్థమే. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో, ఫ్లీలతో సంబంధం లేని అలర్జీ పిల్లులకు ముందు స్టెరాయిడ్‌తో తగ్గించి, అతిసూక్ష్మంగా పొడిచేసిన పీఈఏని కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున రోజూ ఇచ్చారు. దురద తిరగబెట్టడానికి ఉత్తుత్తి మందు తీసుకున్న పిల్లులకు సుమారు 22 రోజులు పడితే, వీటికి సుమారు 40 రోజులు పట్టింది. రోగం నయం కాలేదు, స్టెరాయిడ్ అవసరం వెనక్కి జరిగింది. 8 వారాల పరీక్షలో తిండి కారణం కాదని తేలిన పిల్లికి డాక్టర్‌తో మాట్లాడి వాడదగ్గది. పై పెదవి మీద పుండు, తడిగా ఉబ్బిన ఎర్రమచ్చలు, చీము ఉంటే ఇవేవీ చాలవు, ఆ రోజే చూపించండి.