బెలుం గుహలు, గండికోట: చిన్నాన్నతో ఒకటిన్నర రోజు

అనంతపురం నుంచి పొద్దున్నే ఆరింటికి బయలుదేరి, తాడిపత్రిలో దోసెలు తిని, తొమ్మిదిన్నరకల్లా బెలుం చేరాం. తాడిపత్రి దాటాక దారి పొడవునా నాపరాళ్ల గుట్టలే. వెంట మా చిన్నాన్న. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయన రాకపోయుంటే నేనూ నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేసేవాణ్ని.

గైడు పేర్లన్నీ చెప్పాడు. కోటిలింగాలు, వేయి పడగలు, సప్తస్వరాల గుహ. ఇవి ఎట్లా ఏర్పడ్డాయంటే మాత్రం "నీళ్లు సార్" అని ఊరుకున్నాడు.

"వట్టి నీళ్లకు రాయి ఇంతగా కరగదప్పా" అన్నాడు చిన్నాన్న. "వంటింటి బండ మీద నిమ్మరసం పడితే మరక పోదు కదా, అదీ సంగతి." మన ఇళ్లలో పరిచే నాపరాయి సున్నపురాయే. దానికి పులుపు పడదు. మరి గుహలోకి పులుపు ఎక్కడిది? పైనున్న చేలల్లో, కంపచెట్ల కింద వేళ్లు ఊపిరి పీలుస్తాయి, మట్టిలోని సూక్ష్మజీవులూ పీలుస్తాయి. అవి వదిలే కార్బన్ డయాక్సైడ్ మట్టిలోనే చిక్కుకుని, బయటి గాలిలో కన్నా పదుల రెట్లు ఎక్కువగా పోగవుతుంది. వాననీళ్లు దాన్ని కలుపుకుని పలచటి ఆమ్లంగా మారతాయి, సోడా మాదిరి. ఆ నీళ్లే పగుళ్లలోకి దిగి, వేల ఏళ్లపాటు రాయిని కొంచెం కొంచెం కరిగిస్తూ పోతాయి. గుహ కప్పు నుంచి చుక్కగా కారేటప్పుడు గ్యాస్ ఎగిరిపోతుంది, సున్నం మిగిలి గడ్డకడుతుంది. మర్రి ఊడల్లా వేలాడుతున్న రాళ్లు అట్లా వచ్చినవే. ఆ మాట విన్నాక నేను కప్పు వంకే చూస్తూ నడిచి రెండుసార్లు తల కొట్టుకున్నాను.

గుహల పొడవు 3,229 మీటర్లు. మనల్ని సుమారు కిలోమీటరున్నర వరకే వెళ్లనిస్తారు. అన్నిటికన్నా లోతు పాతాళగంగ, 46 మీటర్లు. లోపల చల్లగా ఉంటుందనుకుని వెళితే దెబ్బతింటారు. ఉక్కపోతకు చొక్కా తడిసి ముద్దయింది. గాలి పంపే గొట్టాలున్న చోట ఆగి ఆగి నడవండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పాతాళగంగ దగ్గర ఆలోచించుకోవాలి. లైట్లు బాగున్నాయి. రెండు గంటలకు తక్కువైతే వెళ్లడం దండగ.

సాయంత్రానికి గండికోట. పెన్నా లోయ గురించి అందరూ రాసేశారు, నేను వదిలేస్తున్నా. నా కళ్లు గోడల మీదే ఉన్నాయి. ఇక్కడి ఎర్రరాయి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి, సున్నపురాయి కాదు. దాని మీద పులుపు పప్పులేమీ ఉడకవు. అందుకని చెట్లు వేరే దారి పట్టాయి. పిట్టలు రావి పండ్లు తిని గోడ సందుల్లో రెట్ట వేస్తాయి. మొలక లేస్తుంది, వేరు లావెక్కేకొద్దీ సందు వెడల్పవుతుంది. ఒకచోట మోచేయంత వేరు రెండు దిమ్మెల్ని జరిపేసింది. గుండ్ల మీద బూడిద, నారింజ రంగు మచ్చలు కనిపిస్తే పెయింటు అనుకోకండి. శిలీంధ్రమూ నాచూ కాపురం చేసే లైకెన్ అది. మసాలాలో వేసే బండపువ్వు దీని చుట్టమే. తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుని, రాతిని రవ్వ రవ్వగా పెకలిస్తుంది.

బస మాత్రం నిరాశ. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన ప్రైవేటు టెంట్లలో రాత్రి పదికే నీళ్లు అయిపోయాయి. బాత్‌రూమ్ పన్నెండు మందికి ఒకటి. గాలికి గుడ్డ తెల్లవార్లూ టపటపలాడింది. సంగటి, నాటుకోడి పులుసు బాగున్నాయని ఒప్పుకోవాలి. డబ్బులు వెనక్కి అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు. ఇంకోసారైతే జమ్మలమడుగులో లాడ్జి తీసుకుని, సూర్యోదయానికి కోటకు వస్తాను. పదిహేను కిలోమీటర్లే కదా.