రివ్యూలు చూసి ఫోను ఆర్డరు పెట్టబోయే నల్గొండ, పాలమూరు వారికి హెచ్చరిక

పండుగ అమ్మకాల్లో పదిహేను వేల రూపాయల లోపు 5జీ ఫోను తీసుకోవాలని చూస్తున్న నల్గొండ, పాలమూరు జిల్లాల వారి కోసం ఇది రాస్తున్నాను. డబ్బు కట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. మీరు వాడుతున్న సిమ్ముతో ఆ ఫోనులో 5జీ వస్తుందా? రివ్యూలో చూపించిన ఫోనూ, మీ ఇంటికి రాబోయే ఫోనూ ఒకటేనా? ఈ రెండింటికి జవాబు చెప్పని రివ్యూను, అది ఎంత పొడవుగా ఉన్నా, ఎన్ని లక్షల మంది చూసినా, నమ్మి ఆర్డరు పెట్టవద్దు.

దేవరకొండలో డిగ్రీ చదువుతున్న మా తమ్ముడి బిడ్డకు జరిగింది చెబుతాను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నది కాబట్టి ఫోను కంపెనీ పేరు గానీ, అమ్మిన వెబ్‌సైటు పేరు గానీ రాయడం లేదు. ఆ పిల్ల తొందరపడి కొనలేదు. ఒకే ధరలో ఉన్న ఫోన్లను పక్కపక్కన పెట్టి పోల్చిన తెలుగు వీడియోలు చూసింది, వెబ్‌సైటులో నాలుగుకు పైగా నక్షత్రాలు ఉన్నాయని గమనించింది, ఆ తరువాతే డబ్బు కట్టింది. ఫోను వచ్చాక సిమ్ము వేస్తే 4జీ మాత్రమే చూపించింది. అదే గదిలో, అదే కంపెనీ సిమ్ముతో మా తమ్ముడి ఫోనులో 5జీ నిలకడగా వస్తున్నది. సర్వీస్ సెంటర్ వాళ్లు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి చూసి, ఫోనులో లోపమేమీ లేదని కాగితం రాసి ఇచ్చారు. వాళ్లు రాసింది అబద్ధం కాదు, ఆ ఫోను తయారైన తీరే అంత. వెబ్‌సైటు వాళ్లు ఆ కాగితాన్నే చూపించి, లోపం లేని వస్తువుకు డబ్బు వాపసు ఉండదనీ, కావాలంటే అదే మోడల్ ఇంకొకటి పంపిస్తామనీ అన్నారు. 5జీ రాని ఫోనుకు బదులు 5జీ రాని మరో ఫోను తెచ్చుకుని ఏం చేసుకోవాలో వాళ్లే చెప్పాలి.

అసలు సంగతి ఏమిటంటే, 5జీ అన్న ఒక్క మాట కింద రెండు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. మన దేశంలో 2022 అక్టోబరు 1న 5జీ సేవలు మొదలైనప్పుడు జియో పూర్తిగా కొత్త వ్యవస్థ మీద నడిచే ఎస్‌ఏ (స్టాండలోన్) పద్ధతిని ఎంచుకుంది. ఎయిర్‌టెల్ అప్పటికే ఉన్న 4జీ వ్యవస్థను ఆసరాగా చేసుకుని నడిచే ఎన్‌ఎస్‌ఏ (నాన్-స్టాండలోన్) పద్ధతితో మొదలుపెట్టింది. ఖరీదైన ఫోన్లలో సాధారణంగా రెండూ పనిచేస్తాయి. ధర బాగా తగ్గించిన కొన్ని 5జీ ఫోన్లలో మాత్రం ఎస్‌ఏ ఒక్కటే పెట్టి, డబ్బా మీద 5జీ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తున్నారు. అటువంటి ఫోనులో ఎన్‌ఎస్‌ఏ పద్ధతిలో నడిచే నెట్‌వర్కు సిమ్ము వేస్తే, టవరు ఇంటి వెనకాలే ఉన్నా 4జీ దాటదు. ఈ వివరం వెబ్‌సైటులో ఉండదని కాదు, ఉంటుంది. పూర్తి వివరాలు అన్న చోట నొక్కి కిందికి పోతే నెట్‌వర్కు వరుసలో చిన్నగా ఉంటుంది. మా పిల్ల చూసిన వీడియోల్లో కెమెరా గురించీ, వెనక ప్యానెల్ రంగు గురించీ ఎంతో సేపు మాట్లాడారు గానీ, ఈ ఒక్క వాక్యం ఎవరూ పలకలేదు.

దీనికి తోడు బ్యాండ్ల సంగతి, అంటే ఫోను ఏయే తరంగాలను అందుకోగలదన్న సంగతి ఒకటి ఉంది, అది మన ప్రాంతానికి మరీ ముఖ్యం. 2022లో జరిగిన 5జీ తరంగాల వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలను జియో ఒక్కటే కొన్నది. ఈ తక్కువ పౌనఃపున్యపు తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలను దాటి లోపలికి వస్తాయి. నగరంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి హైదరాబాదులో కూర్చుని రివ్యూ చేసేవారికి దీని అవసరం అంతగా తెలియదు. డిండి దాటి అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచుకు పోతున్న కొద్దీ, ఈ తరంగాలను అందుకునే ఎన్28 బ్యాండు ఫోనులో ఉందా లేదా అన్నది తేడా చూపిస్తుంది. సిగ్నల్ బాగుంది అని రివ్యూలో చెబితే, ఎక్కడ నిలబడి చెబుతున్నారో అడగాలి.

రెండవ మోసం ఇంకా సున్నితమైనది. ఒకే పేరుతో అమ్మే ఫోనులో మూడు నాలుగు రకాలు ఉంటాయి. రివ్యూ చేసేవారికి కంపెనీ పంపేది సాధారణంగా అందులో పై రకం, అంటే ఎక్కువ ర్యామ్, ఎక్కువ స్టోరేజీ ఉన్నది. అమ్మకం రోజు ప్రకటనలో 'నుంచి మొదలు' అని వేసే ధర అన్నిటికంటే కింది రకానిది. తేడా జాగా ఒక్కదానిలోనే ఉంటే సర్దుకుపోవచ్చు. కొన్ని మోడళ్లలో స్టోరేజీ జాతే మారిపోతుంది. పై రకంలో యూఎఫ్‌ఎస్ ఉంటే, కింది రకంలో ఈఎమ్‌ఎమ్‌సీ పెడతారు. యూఎఫ్‌ఎస్ ఒకే సమయంలో సమాచారాన్ని చదవగలదు, రాయగలదు. ఈఎమ్‌ఎమ్‌సీ ఒకసారికి ఒక పనే చేస్తుంది. ఒక యాప్ అప్‌డేట్ అవుతుండగా ఫోన్‌పే తెరిస్తే తెర బిగుసుకుపోయే ఫోన్లలో చాలావాటి జబ్బు ఇక్కడే ఉంటుంది. కొన్ని పేర్ల విషయంలో 4జీ రకానికి ఒక చిప్పు, 5జీ రకానికి మరో చిప్పు ఉండి, పేరు చివర ఒక్క అంకె, ఒక్క అక్షరం మాత్రమే మారుతుంది. 12 జీబీ ర్యామ్ అని డబ్బా మీద కనిపిస్తే పక్కన చుక్క గుర్తు (*) ఉందేమో చూడండి. అసలు ర్యామ్ 6 జీబీ, మిగిలిన 6 జీబీ స్టోరేజీలోంచి అరువు తీసుకున్నది కావచ్చు. ఈఎమ్‌ఎమ్‌సీ మీద తీసుకున్న అరువు ర్యామ్ ఎంత వేగంగా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

నక్షత్రాల లెక్క కూడా ఇలాగే కలగాపులగమై ఉంటుంది. చాలా చోట్ల అన్ని రకాలకూ, అన్ని రంగులకూ వచ్చిన అభిప్రాయాలను కలిపి ఒకే సగటు చూపిస్తారు. పై రకం కొన్నవారి మెప్పు కింది రకం పేజీలోనూ కనిపిస్తుంది. ఆ సగటును చూసి కొనడం, పత్తి విత్తనాల సంచి మీద విరగకాసిన చెట్టు బొమ్మ చూసి దిగుబడి లెక్క కట్టడం లాంటిది. నాకు తెలిసినంతలో రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవారి మాటల్లోనే పనికొచ్చే సమాచారం ఎక్కువ. అయిదు ఇచ్చినవారిలో చాలామంది డబ్బా తెరిచిన రోజే రాస్తారు. ఒక్కటి ఇచ్చినవారిలో డెలివరీ ఆలస్యమైందన్న కోపం ఉంటుంది. మధ్యలో ఉన్నవారు కొంత కాలం వాడి, ఛార్జింగు ఎంతసేపు నిలుస్తుందో, వేసవిలో ఎంత వేడెక్కుతుందో రాస్తారు. కొన్నిసార్లు డబ్బాలోనే ఒక చీటీ వస్తుంది, అయిదు నక్షత్రాలు వేసి ఫొటో పంపితే క్యాష్‌బ్యాక్ ఇస్తామని. ఆ చీటీ దొరికితే పారేయకండి, అది మంచి సాక్ష్యం.

పేరున్న కంపెనీల ఫోన్లకు ఈ బెడద ఉండదనుకోవద్దు. 2012లో నోకియా లూమియా 920 కెమెరా ఎంత స్థిరంగా తీస్తుందో చూపిన ప్రచార వీడియో ఆ ఫోనుతో తీసినది కాదని బయటపడి, కంపెనీ క్షమాపణ చెప్పింది. 2016లో హువావే పీ9 ప్రచారంలో పెట్టిన ఒక చిత్రం కానన్ కెమెరాతో తీసినదని ఆ చిత్రం వెనక దాగి ఉన్న సమాచారమే చెప్పింది. 2022 మార్చిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్22 తదితర ఫోన్లలో వేలాది యాప్‌ల వేగాన్ని తగ్గించి, వేగం కొలిచే యాప్‌లను మాత్రం వదిలేసే ఏర్పాటు ఉందని తెలియడంతో, ఫోన్ల వేగాన్ని కొలిచి పట్టిక వేసే గీక్‌బెంచ్ వాళ్లు ఆ వరుస ఫోన్ల ఫలితాలను తమ పట్టికలోంచి తీసేశారు. పట్టికల్లో అంకెలు చూసి ఫోను వేగాన్ని నిర్ణయించేవారు ఈ ఒక్కదాన్ని గుర్తుంచుకుంటే చాలు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గూగుల్ పిక్సెల్ 4 వ్యవహారం. అమెరికాలో రేడియో వ్యాఖ్యాతలు ఆ ఫోనును తామే వాడుతున్నట్టు, రాత్రిపూట దానితో ఫొటోలు తీసినట్టు చెప్పారు. ఆ ప్రకటనలు చదివే నాటికి వారి చేతికి ఫోనే ఇవ్వలేదని అక్కడి వాణిజ్య కమిషనూ, కొన్ని రాష్ట్రాలూ ఆరోపించాయి. 2022 నవంబరులో గూగుల్, ఆ ప్రకటనలు వినిపించిన రేడియో సంస్థ ఐహార్ట్‌మీడియా కలిసి 94 లక్షల డాలర్లు కట్టి ఆ కేసును ముగించుకున్నాయి. అంత పెద్ద కంపెనీ, అంత పెద్ద దేశంలో ఆ పని చేయించగలిగినప్పుడు, ఊరికో ఛానల్ ఉన్న మన దగ్గర 'నేను వాడి చూశాను' అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చు. విడుదల రోజున, ఒకే గంటలో, ఒకే వరుసలో, ఒకే పదాలతో పది వీడియోలు వచ్చాయంటే అవి పది అభిప్రాయాలు కావు.

ఇక ఐఫోనా, ఆండ్రాయిడా అన్న పోలికల గురించి. ఇక్కడ రివ్యూలు ఎక్కువగా ఫోనును పోలుస్తాయి గానీ, ఆ ఫోను ఎన్నాళ్లు బతుకుతుందో పోల్చవు. 2013లో వచ్చిన లూమియా 1020కి 41 మెగాపిక్సెళ్ల కెమెరా ఉండేది, దాన్ని మెచ్చుకున్నవారిది తప్పు కాదు. అయితే దాన్ని నడిపించిన విండోస్ ఫోన్ వేదికే కనుమరుగైంది, 2019 డిసెంబరు 31 తరువాత వాట్సాప్ కూడా దాని మీద ఆగిపోయింది. కెమెరా బాగానే ఉంది, ఫోనే పనికిరాకుండా పోయింది. కాబట్టి మొదట అడగవలసినది సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయని. 2015లో విడుదలైన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో వచ్చిన ఐఓఎస్ 15 (ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్) కూడా అందింది. ఆండ్రాయిడ్ వైపు 2023లో పిక్సెల్ 8కు, 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లు ఇస్తామని ప్రకటించారు. తక్కువ ధర ఫోన్లలో ఈ గడువు కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి చాలా మారుతుంది. ఆ గడువు మీరు కొన్న రోజు నుంచి కాక, మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. అమ్మకాల్లో సగం ధరకు వచ్చే పాత సరుకుకు ఆ గడువులో ఎంత మిగిలిందో చూడకుండా చవక అనుకోకూడదు.

ఐఫోను ఎక్కువ కాలం వస్తుంది కాబట్టి చివరికి అదే చవక అన్న వాదన కూడా వింటుంటాం. డెబ్బై వేల ఫోను ఏడేళ్లు వాడితే ఏడాదికి పదివేలు, పద్నాలుగు వేల ఫోను రెండేళ్లు వాడితే ఏడాదికి ఏడు వేలు. ఆ లెక్కలో పగిలిన తెర, మార్చిన బ్యాటరీ, సర్వీస్ కోసం హైదరాబాదు దాకా వంద కిలోమీటర్లు పోయి వచ్చే బస్సు ఛార్జీ ఎవరూ కలపరు. కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ మీ జిల్లా కేంద్రంలో ఉందో లేదో ఆ కంపెనీ వెబ్‌సైటులోనే చూసుకోండి. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్ల వేగాన్ని తానే తగ్గించానని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకున్న సంగతినీ పక్కన పెట్టుకోవాలి.

తెలుగు విషయంలో పోలిక అసలే జరగదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం, కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 పంపి దాన్ని సరిచేసింది. మన భాషలో టైపు చేసి, మన భాషలో చదివి చూసిన రివ్యూ అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే. నల్గొండలో గడియారం దగ్గరైనా, మహబూబ్‌నగర్‌లోనైనా దుకాణంలో ఫోను చేతికి ఇచ్చినప్పుడు నాలుగు వాక్యాలు తెలుగులో టైపు చేసి, నోటితో చెప్పి రాయించి చూడండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేవారు ఆ రోజు పేజీ మొత్తాన్ని, నెట్‌వర్కు వరుసతో సహా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. అమ్మకం ముగిశాక పేజీ మారిపోవచ్చు. డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య, డబ్బా మీద ఉన్నదానితో సరిపోవాలి. సెట్టింగుల్లో కనిపించే మోడల్ నంబరును రివ్యూలో చూపించిన నంబరుతో పోల్చండి. ఇవన్నీ వాపసు గడువు లోపలే చేయాలి, ఎందుకంటే ఇప్పుడు చాలా ఫోన్లకు ఆ గడువు వారం రోజులే, అదీ డబ్బు వాపసు కాక మార్పిడి మాత్రమే.

చట్టం మన వైపు కొంత ఉంది. డబ్బు గానీ, ఉచిత ఫోను గానీ తీసుకుని ప్రచారం చేసేవారు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలనీ, ప్రచారం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలనీ 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తెలుగు వీడియో కింద ఎక్కడో ఇంగ్లిష్‌లో ఒక్క పదం పెట్టి తప్పించుకోవడానికి వీల్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. అమ్మినవారు ఎక్కడ ఉన్నా, కొన్నవారు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవడం మంచిది. మేమూ అక్కడే మొదలుపెట్టాం. జవాబు సరిగా రాకపోతే నల్గొండ జిల్లా కమిషన్‌కు పోతాం.

ఈ మధ్య ఇదే విధంగా 5జీ రాని 5జీ ఫోను అందుకున్నవారు ఉంటే బిల్లు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం, మీరు చూసిన రివ్యూ వీడియో చిరునామా, అందులో ప్రచారం అని చెప్పారా లేదా అన్న వివరం ఒక్కచోట పెట్టుకోండి. సర్వీస్ సెంటర్ వాళ్లు నోటిమాటగా చెప్పి పంపిస్తే ఊరుకోకుండా, ఏ పద్ధతి 5జీ ఆ ఫోనులో పనిచేయదో రాసి, ముద్ర వేసి ఇమ్మని అడగండి.